హుగ్లీలో పోటుకెరటం లేపే ఒండ్రును కొలిచే పద్ధతి
సముద్రం నుంచి ఎగువకు గరాటులా ఇరుకయ్యే హుగ్లీ నదిలో, అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో వచ్చే పెద్ద పోటు కొన్నిసార్లు నిటారు కెరటంగా లేచి నదికి ఎదురెక్కుతుంది. కోల్‌కతావాసులు దీన్ని ‘బాన్’ అంటారు. పోటుపాట్ల పట్టిక చూసుకుని, ఘాట్ మెట్ల మీద కాక ఎత్తైన జెట్టీపై నిలబడి, తాడు కట్టిన బకెట్‌తో కెరటానికి ముందు, అది దాటిన పది నిమిషాలకు, పోటు నిలిచాక ఒకే చోట నీరు తోడాలి. బకెట్‌ను కలియబెడుతూనే లీటరు సీసాలో పోయాలి, లేకుంటే ఇసుక అడుగునే ఉండిపోయి లెక్క తప్పుతుంది. ముందే తూచిన వడపోత కాగితంతో వడకట్టి, పూర్తిగా ఆరాక మళ్లీ తూచితే వచ్చే తేడాయే లీటరు నీటిలోని ఒండ్రు. ఒక్క రోజు అంకెతో నది పూడుతోందని తేల్చరాదు. వానకాలపు వరద, 1975 నుంచి ఫరక్కా బరాజ్ హుగ్లీలోకి మళ్లిస్తున్న గంగ నీరు, ఓడల దారిలో పూడికతీత, వీటి ప్రభావం కూడా ఆ అంకెలో కలిసే ఉంటుంది.