కుక్కపిల్లకు సరైన ఫుడ్ ప్యాకెట్ ఎలా ఎంచుకోవాలి?

మా రెండు నెలల ల్యాబ్ (ల్యాబ్రడార్) పిల్లకి ఫుడ్ కావాలని శ్రీకాకుళంలో ఒక షాపులో అడిగితే, తెరిచి పెట్టిన బస్తాలోంచి రెండు కిలోలు లూజుగా తూచి ఇచ్చారు. "ఎముకలు గట్టిపడతాయండీ" అంటూ ఒక కాల్షియం సీసా కూడా చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి చూస్తే కవరు మీద పేరూ లేదు, తేదీ లేదు. ఆ రెండూ కొనకుండా ఉండాల్సింది.

1. పిల్ల పెద్దయ్యాక ఎంత బరువుంటుందో ముందు అంచనా వేయండి. 32 కిలోలు, అంతకంటే ఎక్కువ పెరిగే జాతైతే (ల్యాబ్, జర్మన్ షెపర్డ్ లాంటివి) 'లార్జ్ బ్రీడ్ పప్పీ' అని ఉన్నదే తీసుకోండి. ముఖ్యమైన తేడా కాల్షియంలో ఉంది. ఎక్కువైన కాల్షియాన్ని పెద్ద కుక్క బయటికి వదిలేస్తుంది. చిన్నపిల్ల పేగులకు ఇంకా ఆ అదుపు రాదు, వచ్చిందాన్ని చాలావరకు పీల్చేసుకుంటాయి. దాంతో ఎముకలు, కీళ్లు సరిగ్గా ఏర్పడవు. అమెరికాలో పెంపుడు జంతువుల ఫుడ్‌కు ప్రమాణాలు రాసే ఆఫ్కో (AAFCO) సంస్థ ప్రకారం, తేమ తీసేసి లెక్కిస్తే ఎదిగే పిల్ల ఫుడ్‌లో కాల్షియం కనీసం 1.2 శాతం ఉండాలి, పెద్ద జాతులకు 1.8 దాటకూడదు. ఇక సీసా ఎందుకు? మాది మూత తీయకుండానే అల్మారాలో పడి ఉంది.

2. ముందున్న కోడి బొమ్మను వదిలేసి ప్యాకెట్ వెనక్కి తిప్పండి. 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' అనీ, 'గ్రోత్' లేదా 'ఆల్ లైఫ్ స్టేజెస్' అనీ ఉండాలి. 'అడల్ట్' వద్దు. 'కాంప్లిమెంటరీ' అని ఉంటే అది చిరుతిండి, భోజనం కాదు.

3. ప్రొటీన్‌ను తేమ తీసేసి పోల్చండి. డ్రై ఫుడ్‌లో ప్రొటీన్ 24, తేమ 10 అనుకుందాం. వందలో తేమ 10 పోతే మిగిలేది 90. 24ను 90తో భాగించి వందతో గుణిస్తే సుమారు 26.7 శాతం. వెట్ ఫుడ్‌లో ప్రొటీన్ 8, తేమ 78 అయితే అదే లెక్కన 36 దాటుతుంది. 8 అని చూసి తక్కువనుకుంటాం! ఈ లెక్కలో ప్రొటీన్ 22.5, కొవ్వు 8.5 శాతానికి తగ్గకూడదు.

4. మొదట చిన్న ప్యాకెట్టే కొనండి. పాత ఫుడ్‌లో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ వారం రోజుల్లో పూర్తిగా మార్చండి. మన ఉక్కపోతకి తెరిచిన ప్యాకెట్లో కొవ్వు త్వరగా పాడవుతుంది. దాని కవరులోనే మూతి బిగించి, డబ్బాలో పెట్టండి.

5. ఎంత పెట్టాలో ప్యాకెట్ మీది పట్టిక చెబుతుంది, కానీ చివరి మాట మీ చేతిదే. పక్కటెముకలు తడిమితే తగలాలి, కంటికి మరీ కనిపించకూడదు. నాలుగు నెలల దాకా రోజుకు మూడు నాలుగు సార్లు, ఆరు నెలలు దాటాక రెండు సార్లు చాలు.

ఇక ఇంట్లోవాళ్ల ముద్ద. రోజు తిండిలో పైతిండి పదో వంతు మించితే ప్యాకెట్‌లోని కొలతలన్నీ తప్పుతాయి. మా అమ్మ మాత్రం పులుసన్నం పెట్టకుండా ఉండలేకపోయేది. ఉల్లిపాయ కుక్క రక్తకణాలను దెబ్బతీస్తుందని పశువుల డాక్టరు చెప్పాకే మానింది. ఇప్పుడు పులుసు పెట్టేముందే ఒక చేప ముక్క ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ముళ్లు ఏరి పక్కన పెడుతోంది.