క్వినోవా చేదెక్కితే, ముద్దయితే: వంటింటి చిక్కులు, వాటి విరుగుళ్లు

క్వినోవా చూడ్డానికి కొర్రల్లా ఉంటుంది. అందుకే చాలామంది దాన్ని చిరుధాన్యాల డబ్బాల పక్కనే సర్దేస్తారు. నిజానికి అది గడ్డిజాతి ధాన్యం కాదు. పాలకూర, తోటకూర, బీట్‌రూట్‌ల కుటుంబానికి చెందిన మొక్క గింజ. పెరూ, బొలీవియా దేశాల్లో ఆండీస్ కొండల మీద వేల ఏళ్లుగా పండిస్తున్నారు. మన ఇళ్లలో దానితో వచ్చే ఇబ్బందులు చాలావరకు బియ్యంలా కడిగి, బియ్యంలా వండటం వల్ల వచ్చేవే. కింద కప్పు అన్నచోట ఏ కప్పైనా ఫర్వాలేదు, గింజలకూ నీళ్లకూ అదే కప్పు వాడితే చాలు.

సమస్య: చేదుగా ఉంది, సబ్బు రుచి వస్తోంది

గింజ పైపొరలో సాపోనిన్లు అనే చేదు పదార్థాలు ఉంటాయి. పక్షులు, పురుగులు తినకుండా మొక్క చేసుకున్న ఏర్పాటు అది. కుంకుడుకాయ నురగకు కారణమూ ఈ జాతి పదార్థాలే. ప్యాకెట్ మీద ‘కడిగినది’ అని రాసి ఉన్నా ఎంతో కొంత మిగులుతుంది.

గింజ ఆవగింజంత ఉంటుంది కాబట్టి బియ్యంలా గిన్నె వంచి నీళ్లు పారబోస్తే సగం గింజలు సింకులోకే పోతాయి. సన్నటి జల్లెడలోగానీ పలచటి నూలు గుడ్డలోగానీ పోసి, కుళాయి కింద పట్టి, వేళ్లతో రుద్దుతూ 2-3 నిమిషాలు కడగాలి. నురగ ఆగేదాకా కడగడమే కొలత. అనుమానం ఉంటే నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమలండి. చేదు తగిలితే 20 నిమిషాలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కడగాలి. నానబెట్టిన నీళ్లతోనే వండితే చేదంతా తిరిగి గిన్నెలోకే చేరుతుంది.

ఉడికాక చేదు తెలిస్తే దాన్ని తీసేసే దారి లేదు, కప్పిపుచ్చాలి. సమానంగా అన్నం కలిపి చింతపండు పులిహోర చేస్తే పులుపు, బెల్లం ముక్క కలిసి చాలావరకు కాపాడతాయి. కాకపోతే ముందు పోపును కూడా ఒకసారి అనుమానించండి. మెంతులు మాడినా చేదే, ఆ నింద క్వినోవా మీద వేయకూడదు.

చేదు కాక పాత నూనె వాసన వస్తుంటే కారణం వేరు. ఈ గింజలో సుమారు 6 శాతం కొవ్వు ఉంటుంది, నిల్వ ఎక్కువైతే అది పాడవుతుంది. ఆ గింజలను కడిగి లాభం లేదు, పారేయాల్సిందే.

సమస్య: పొడిపొడిగా రాలేదు, ముద్దయింది

నీళ్లు ఎక్కువ కావడం, ఉడికేటప్పుడు గరిటె తిప్పడం, మంట ఆపగానే కలిపేయడం. ఈ మూడింట్లో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. చాలామంది మర్చిపోయేది ఇంకొకటుంది: కడిగిన గింజలు జల్లెడలో సరిగా వడవకపోతే వాటిని అంటుకున్న నీళ్లు కూడా లెక్కలోకి వస్తాయి. 5 నిమిషాలు జల్లెడలోనే వదిలేసి ఆ తర్వాత కొలవాలి.

కడిగి వడకట్టిన గింజలు ఒక కప్పుకు మూత గిన్నెలో ఒకటిముప్పావు కప్పు నీళ్లు. నానబెట్టినవైతే ఒకటిన్నర. కుక్కర్లో ఒకటింపావు కప్పు, మధ్యస్థ మంట మీద ఒక్క విజిల్, ఆవిరి దానంతట అది దిగాలి. అన్నానికి అలవాటైన మూడు విజిల్స్ పెట్టారో, జావే.

గిన్నెలో అయితే నీళ్లు మరిగాక సిమ్‌లో పెట్టి మూతతో 12-15 నిమిషాలు. ఒక్కో గింజ నుంచి తెల్లటి సన్నని తోక విడివడితే ఉడికినట్టు. అది గింజ మొలక. అప్పుడు మంట ఆపి 10 నిమిషాలు మూత తీయకుండా ఉంచి, ఫోర్కుతో పైపైన విడదీయాలి. ఈ 10 నిమిషాలు ఆగకపోతే కొలతలన్నీ సరిగ్గా ఉన్నా తడితడిగానే ఉంటుంది. పులిహోరకు, ఉప్మాకు కావాలంటే ఇంకా పళ్లెంలో పరిచి ఫ్యాన్ కింద ఆరబెట్టాలి. కడిగిన గింజలను చెంచాడు నెయ్యిలో 3 నిమిషాలు వేయించి వండితే ఇంకా విడివిడిగా వస్తుంది.

ముద్దయినదాన్ని పొడిగా మార్చే ప్రయత్నం వద్దు. ఉడికించిన పెసరపప్పు, మిరియాలు, జీలకర్ర, నెయ్యి వేసి పొంగలి చేసేయండి. ఆ మెత్తదనం అక్కడ పనికొస్తుంది.

సమస్య: పప్పుతో కలిపి వండితే ఒకటి పలుకు, ఒకటి జావ

కందిపప్పుకు 4-5 విజిల్స్ కావాలి, క్వినోవాకు ఒకటి చాలు. రెండూ ఒకేసారి కుక్కర్లో వేస్తే పొత్తు కుదరదు. పప్పు ముందు ఉడికించి, కడిగిన గింజలు, కూరముక్కలు చేర్చి మళ్లీ 15 నిమిషాలు ఉడకనివ్వాలి. చింతపండు రసం చివర్లోనే. పులుపు ముందు పడితే పప్పు ఉడకదు. ఎరుపు, నలుపు రకాలకు మాత్రం మరో 3-5 నిమిషాలు పడుతుంది, ఎంత ఉడికినా కాస్త కరకరలాడతాయి. అది లోపం కాదు, వాటి తీరు.

సమస్య: ఇడ్లీ జిగురుగా, చదునుగా వస్తోంది

ఇడ్లీరవ్వ మొత్తం తీసేసి క్వినోవా వేస్తే ఇదే జరుగుతుంది. బియ్యపు రవ్వలోని బరకదనం ఇందులో లేదు. ఒక కప్పు మినపగుళ్లు, ఒక కప్పు ఇడ్లీరవ్వ, ఒక కప్పు క్వినోవా తీసుకోండి. క్వినోవాను 4 గంటలు నానబెట్టి, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చి, విడిగా బరకగా రుబ్బాలి. రుబ్బేటప్పుడే నురగ కనిపిస్తే పిండి పులిసిందని మురిసిపోవద్దు, సరిగా కడగలేదని అర్థం. ఎండాకాలం 8 గంటలు, చలికాలం 12 గంటలు పులియాలి. చలి దేశాల్లో ఉన్నవాళ్లు లైటు వెలిగించిన ఓవెన్‌లో పెట్టుకోవచ్చు, ఓవెన్ మాత్రం ఆన్ చేయకూడదు.

పెసరట్టుకు కప్పు పెసలకు పావు కప్పు చాలు. అంతకు మించితే తిరగేసేటప్పుడు చిరుగుతుంది. చపాతీకీ అంతే: ఇందులో గ్లూటెన్ (పిండిని సాగేలా పట్టి ఉంచే ప్రొటీన్) లేదు కాబట్టి మూడు పాళ్లు గోధుమపిండికి ఒక పాలు క్వినోవా పిండి.

సమస్య: పెరుగన్నంలా కలిపితే నీళ్లు తేలుతున్నాయి

పొడిగా ఉడికిన గింజ పెరుగును పీల్చుకోదు. దీనికోసం కప్పుకు 3 కప్పుల నీళ్లతో మెత్తగా వండి, వేడిగా ఉండగానే గరిటెతో మెదిపి, కాసిని పాలు పోయాలి. చల్లారాక పెరుగు.

సమస్య: అన్నం మానేసినా షుగర్ తగ్గలేదు

అంకెలు చూస్తే ఎందుకో తెలుస్తుంది. ఉడికిన క్వినోవా ఒక కప్పులో (185 గ్రాములు) పిండిపదార్థం సుమారు 39 గ్రాములు, ఉడికిన తెల్లన్నం ఒక కప్పులో (158 గ్రాములు) సుమారు 45. తేడా పెద్దదేం కాదు. అసలు లాభం ప్రొటీన్‌లో, పీచులో ఉంది: క్వినోవా కప్పులో ప్రొటీన్ 8 గ్రాములు, పీచు 5 గ్రాములు. అన్నంలో ప్రొటీన్ 4, పీచు ఒక గ్రాము లోపే. ‘ఆరోగ్యానికి మంచిది’ అని కంచం నిండా పెట్టుకుంటే ఆ లాభం కాస్తా పోతుంది. ఉడికినది ముప్పావు కప్పు, పక్కన దానికి రెట్టింపు బీరకాయో బెండకాయో కూర, ఒక గరిటె పప్పు సరైన వాటా. మందులు మాత్రం డాక్టరు చెప్పకుండా మార్చకూడదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు పొటాషియం గురించి కూడా అడగాలి.

సమస్య: కడుపుబ్బరం, పిల్లలు ముట్టడం లేదు

పీచు ఒక్కసారిగా పెరిగితే ఉబ్బరం సహజం. మొదటి వారం అన్నంలో నాలుగో వంతు కలపండి, తర్వాత సగం. పిల్లలకూ ఇదే దారి. నిమ్మకాయ పులిహోరలో నాలుగో వంతు కలిస్తే కనిపెట్టలేరు.

నలుగురి భోజనానికి ఒకటింబావు కప్పు గింజలు చాలు, ఉడికాక దాదాపు మూడు రెట్లవుతాయి. మిగిలినదాన్ని 2 గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే 3 రోజులు ఉంటుంది. మర్నాడు పొద్దున ఉప్మాకు తాజాగా వండినదానికన్నా ఇదే బాగుంటుంది.