బుల్లెట్ హెడ్డు పోర్టింగు: గ్రైండర్ చివర కొనండి

మా నాన్నగారి 1989 మోడల్ బుల్లెట్ నా చేతికి వచ్చాక నేను చేసిన మొదటి తెలివితక్కువ పని, డై గ్రైండర్ కొనడం. బర్ అనే పళ్ళున్న చిన్న కోత ముక్కను గిర్రున తిప్పే చేతి మిషన్ అది. హెడ్డు అంటే ఇంజను మీది మూత. పెట్రోలు కలిసిన గాలి లోపలికి వచ్చే దారి, పొగ బయటికి పోయే దారి అందులోనే ఉంటాయి. ఆ దారులే పోర్టులు, వాటిని లోపల కోసి నున్నగా చేయడమే పోర్టింగు. గ్రైండర్ వచ్చిన రోజే హెడ్డు విప్పాను. ఆ సాయంత్రానికి ఒక బర్ వంగింది, ఇన్లెట్ సీటు (గాలి వచ్చే దారిని మూసే వాల్వు కూర్చునే చోటు) మీద గీత పడింది, లుంగీ నిండా అల్యూమినియం ముళ్ళు. ఆటోనగర్‌లో మా మేస్త్రీ ఆ హెడ్డును వెలుతురులో తిప్పి చూసి, "ఎవరండీ చేసింది?" అన్నాడు. "తెలిసినవాడేలెండి" అన్నాను. కొత్త సీటు వేయించుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఎవరైనా అడిగితే కొనాల్సిన వస్తువుల వరస తిరగేసి చెబుతాను. ముందు కళ్ళకు, ముక్కుకు, చెవులకు కావలసినవి. తర్వాత హెడ్డును పట్టి ఉంచేవి. ఆ తర్వాత కొలిచేవి. గ్రైండర్ అన్నిటికన్నా ఆఖరు.

అయితే వీటికంటే ముందు ఒక పాత హెడ్డు కావాలి. స్క్రాప్ కొట్లలో పగిలిన హెడ్లు కిలోల లెక్కన దొరుకుతాయి. మీ బండిదే అయితే మంచిది, కాకపోయినా అల్యూమినియందైతే చాలు. పాత బుల్లెట్ 350లో బోరు (పిస్టన్ ఆడే గొట్టం) కాస్ట్ ఐరన్, హెడ్డు అల్యూమినియం. బర్ ఎంచుకునేటప్పుడు ఈ తేడా గుర్తుండాలి. ఇనుము కోసే అడ్డదిడ్డపు పళ్ళ బర్ అల్యూమినియం మీద పెడితే నిమిషంలో పళ్ళ మధ్య లోహం ఇరుక్కుంటుంది. ఇక అది కోయదు, రుద్దుతుంది, వేడెక్కుతుంది. అల్యూమినియం కోసమే పెద్ద పళ్ళు దూరదూరంగా ఉండే కార్బైడ్ బర్లు వస్తాయి. అవి తీసుకోండి. అవి కూడా ఇరుక్కోకుండా మధ్యమధ్యలో కొవ్వొత్తి ముక్క రుద్దుతుంటే చాలు. కిరసనాయిలు చల్లేవాళ్ళను చూశాను. గ్రైండర్ లోపల మోటారుకు కరెంటు అందించే బ్రష్షుల దగ్గర నిప్పురవ్వలు వస్తుంటాయి కాబట్టి నేను ఆ పని చేయను.

స్క్రాప్ హెడ్డు తెచ్చాక పోర్టులో మసి గట్టిగా పట్టి ఉంటుంది. దాన్ని పొడిగా గీకకండి. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరిలో గానీ పూర్తిగా ఆగలేదు. అంతకుముందు తిరిగిన ఇంజను మసిలో సీసం ఉండొచ్చు. పాత గాస్కెట్లలో (జాయింటుల మధ్య పెట్టే అట్టల్లో) ఆస్‌బెస్టాస్ కూడా ఉండొచ్చు. రెంటినీ తడిపి, మెత్తబడ్డాక చెక్క ముక్కతో గీకి, తడిగానే ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి పారేయండి. మసి వదలడానికి కాస్టిక్ సోడాలో నానబెట్టమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. ఇనప బోరుకు అది సరిపోతుందేమో గానీ అల్యూమినియం హెడ్డును కాస్టిక్ తినేస్తుంది. పైగా అప్పుడు వచ్చే హైడ్రోజన్‌కు నిప్పు తగిలితే మండుతుంది.

ఇక ఒంటి మీద ఏం ఉండాలో, ఏం ఉండకూడదో చూద్దాం. పక్కలు మూసి ఉండే గాగుల్స్, వాటి మీద ముఖానికి షీల్డు, రెండూ పెట్టుకోవాలి. మామూలు కళ్ళజోడు పక్కనుంచి వచ్చే ముక్కను ఆపదు. అల్యూమినియం ముక్కలు సూదుల్లా ఉంటాయి. కంట్లో పడితే నలపకండి, నేరుగా కంటి ఆసుపత్రికి వెళ్ళి పడింది అల్యూమినియం అని చెప్పండి. ఇనప రజను లాగా ఇది అయస్కాంతానికి అంటుకోదు. ఎన్95 మాస్కు, చెవుల్లో ప్లగ్గులు తప్పనిసరి. వంటింట్లో ఉన్న మా ఆవిడకే ఆ గోల భరించరానిది, అది నా చెవికి అడుగు దూరంలో మోగుతుంది.

లుంగీ, తువ్వాలు, వదులు చేతుల చొక్కా పనికిరావు. మెడలో గొలుసు, మణికట్టుకు గుళ్ళో కట్టిన దారం, ఉంగరం తీసి లోపల పెట్టి రావాలి. దారం తీయడానికి మనసొప్పకపోతే ఆ రోజు గ్రైండర్ పట్టుకోవద్దు. నూలు చేతితొడుగులు అసలొద్దు, తిరిగే బర్‌కు ఒక్క పోగు చిక్కితే చెయ్యంతా లాగేస్తుంది. చేతికి బిగుతుగా పట్టే పల్చటి తోలువైతే ఫరవాలేదు. కాళ్ళకు బూట్లు వేసుకోండి, హవాయి చెప్పులు కాదు.

నేను పనిచేసేది డాబా మీద, రేకుల కింద, పొద్దున పది నుంచి ఒంటిగంట లోపే. పక్కింటి పిన్నిగారికి మధ్యాహ్నం కునుకు ముఖ్యం. ఎంత ఉక్కపోసినా టేబుల్ ఫ్యాన్ పెట్టను, రజను తిరిగి నా మొహానికే వస్తుంది. అదే చోట ఇనుము గ్రైండింగ్ చేయను. సన్నటి అల్యూమినియం పొడి మీద ఇనప నిప్పురవ్వలు పడితే అంటుకుంటుంది, ఆ మంటకు నీళ్ళు పోస్తే ఇంకా రేగుతుంది. అందుకే పక్కన బకెట్టు నిండా పొడి ఇసుక ఉంటుంది. ఊడ్చిన రజను తడిగా ఉంటే మూత బిగించిన డబ్బాలో పెట్టకండి, అక్కడా గ్యాసు పుడుతుంది.

కరెంటు సంగతి. మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నంత మాత్రాన ఎర్తింగు ఉన్నట్టు కాదు, మా డాబా మీది సాకెట్‌కు ఎర్తు తీగే లేదని ఎలక్ట్రీషియన్ చూసేదాకా నాకు తెలియదు. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించాను, కరెంటు లీకైతే సరఫరా వెంటనే ఆపేసే స్విచ్చి అది. అల్యూమినియం రజనులోంచి కరెంటు పారుతుంది. గ్రైండర్ గాలి రంధ్రాల్లోకి అది చేరకుండా చూసుకోవాలి, బర్ మార్చే ప్రతిసారీ ప్లగ్గు పీకాలి.

గ్రైండర్ విషయానికొస్తే 6 మిల్లీమీటర్ల కొలెట్ (బర్ కాడను పట్టి ఉంచే భాగం) ఉండాలి, వేగం తగ్గించే డయల్ ఉండాలి. మామూలువి నిమిషానికి 25 వేల చుట్లకు పైనే తిరుగుతాయి. ఫ్యాన్ రెగ్యులేటర్ తగిలించి వేగం తగ్గిద్దామనుకోకండి, అది ఆ లోడుకు కాలిపోతుంది. పోర్టు లోపలికి అందడానికి పొడవు కాడ బర్ కావాలి. నేను వంచింది దాన్నే. పూర్తి వేగంలో గాలిలో తిప్పితే కాడ వంగి కొరడాలా కొడుతుంది. బర్‌ను పోర్టులో పెట్టాకే స్విచ్చి వేయాలి, పూర్తిగా ఆగాకే బయటికి తీయాలి. పొడవు కాడకు పది, పన్నెండు వేల చుట్లు దాటనివ్వను.

హెడ్డును ఒళ్ళో పెట్టుకుని చేసే ఘనులున్నారు. దాన్ని వైసులో రెండు చెక్క దిమ్మల మధ్య, హెడ్డు అడుగు ముఖం గీసుకుపోకుండా బిగించండి. వాల్వులు తీశాక సీట్ల మీద పాత వాల్వులు పెట్టి కప్పండి. పాత స్పార్క్ ప్లగ్గు బిగించండి. డీకంప్రెసర్ (కిక్కు తేలికయ్యేలా ఇంజనులో ఒత్తిడి వదిలే చిన్న వాల్వు) రంధ్రం, ఆయిలు దారులు గుడ్డ ముక్కలతో మూయండి. ఎన్ని ముక్కలు పెట్టారో గోడ మీద సుద్దతో రాయండి. మా గోడ మీద ఇప్పటికీ "5" అని ఉంది.

కోయడం గురించి చెప్పాల్సింది తక్కువే. సీటు కింద, మిషన్ కోత ఆగి పోతపోసిన గరుకు గోడ మొదలయ్యే చోట ఒక గట్టు ఉంటుంది. దాన్ని నున్నగా కలిపితే సగం పని అయినట్టే. వాల్వు గైడు (వాల్వు కాడ జారే గొట్టం) చుట్టూ ఉన్న దిమ్మను కొద్దిగా సన్నం చేయొచ్చు. పోర్టు కింది గోడ లోపలికి తిరిగే మలుపును మాత్రం ముట్టుకోవద్దు. అక్కడ ఎక్కువ తీస్తే గాలి గోడను వదిలేసి పోతుంది, లోహం కూడా పల్చనవుతుంది. తీసింది మళ్ళీ అతకదు. మార్కరుతో రంగు పూసి, గాస్కెట్ పెట్టి గీత గీసి, గీతకు ఇవతలే ఆగి, ప్రతి రెండు నిమిషాలకూ కొలవండి. ఇన్లెట్‌ను 80 నంబరు ఎమెరీ కాగితంతో ఆపేస్తాను, అద్దంలా మెరవక్కర్లేదు. ఎగ్జాస్ట్ మెరిస్తే మసి కాస్త తక్కువ పడుతుంది, ఓపిక ఉంటే చేయండి.

చివరి పని కడగడం. పెట్రోలుతో కాదు. వేడినీళ్ళు, డిటర్జెంటు, సీసాలు కడిగే బ్రష్షు. గుడ్డ ముక్కలన్నీ లెక్కపెట్టి తీశాక ప్రతి ఆయిలు రంధ్రంలోనూ నీళ్ళు ధారగా వచ్చేదాకా కడిగి, గాలి కొట్టండి. తెల్లగుడ్డతో తుడిస్తే ఒక్క మెరుపు కూడా కనబడకూడదు, కనిపిస్తే మళ్ళీ మొదటికి. మిగిలిన రజను ఆయిలుతో పాటు బేరింగుల్లోకి పోతుంది. వాల్వులను సీటు మీద గ్రైండింగ్ పేస్టుతో రుద్ది బిగించాక పోర్టులో కాస్త కిరసనాయిలు పోసి పావుగంట ఉంచుతాను. వాల్వు కింద చెమ్మ కనిపించకపోతే సీటు బాగున్నట్టు.

తర్వాత బట్టలు డాబా మీదే దులిపి, విడిగా నానేసి, తలస్నానం చేశాకే కిందికి వెళ్తాను. ఒకసారి ఆ బట్టలతోనే వెళ్ళి మా మనవరాలిని ఎత్తుకున్నాను. దాని బుగ్గలోంచి ముల్లు తీయడానికి మా ఆవిడకు చిమటాతో అరగంట పట్టింది. ఆ అరగంటా ఆవిడ నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.