పాత్ర పోషణ – 4వ పాఠం: మీ చిట్టాలు చూశాక

పోయిన పాఠంలో ఇంగ్లిష్ నటుడు డేవిడ్ సూషే, అగాథా క్రిస్టీ కథల్లోని డిటెక్టివ్ ప్వారో పాత్రను టీవీలో వేయడం కోసం 93 అంశాల చిట్టా రాసుకున్న సంగతి చెప్పి, మీ పాత్రకూ ఒకటి రాయమన్నాను. రాశారు. "మంచివాడు. తెలివైనవాడు. కాస్త గర్వం. లోపల ఏదో బాధ." ఇంచుమించు అందరివీ ఇవే. ఈసారి గొంతు గురించి చెప్పాల్సింది, అది తర్వాత చూద్దాం.

గర్వం ఎలా నటిస్తారు? గడ్డం పైకెత్తి కనుబొమ్మ ఎగరేస్తారు. మీరూ అంతే, మీ పక్కనున్న నటుడూ అంతే. సూషే ఏం రాసుకున్నాడో చూడండి. ప్వారో కాఫీలో పాలు ఉండవు. షుగర్ క్యూబులు నాలుగు, ఒక్కోసారి మూడు, ఎప్పుడో ఒకటి రెండుసార్లు ఐదు. ఎదుటివాడు హత్య గురించి టెన్షన్‌గా చెబుతుంటే ఈయన తాపీగా నాలుగో క్యూబు వేసుకుంటాడనుకోండి, గర్వం అక్కడ కనిపిస్తుంది. కనుబొమ్మతో పని లేదు.

కాబట్టి చిట్టాలో ప్రతి మాటనీ అడగండి: దీన్ని నా చెయ్యో కాలో గొంతో చేయగలదా? లేదంటే కొట్టేయండి. 'పిసినారి' కొట్టేయండి. 'వచ్చిన కవరు చింపకుండా విప్పి, లోపలివైపు లెక్కలు రాసుకుంటాడు' ఉంచండి. 'కోపిష్టి' వద్దు. 'కోపమొస్తే గొంతు తగ్గిస్తాడు' కావాలి. 'దయగలవాడు' అని రాసినవాళ్లు నాటకం మళ్లీ మొదటి నుంచి చదవండి. సూషే కూడా అగాథా క్రిస్టీ కథలు చదివే ఆ వివరాలు ఏరుకున్నాడు.

ప్వారో మీసం సంగతి చాలామంది అడిగారు. నాకు మీసాల మీద పెద్ద నమ్మకం లేదు, నడకే ముందు. పిరుదుల మధ్య నాణెం బిగించి నడిస్తే అడుగులు వాటంతటవే చిన్నవైపోతాయి. ఇది పాతతరం ఇంగ్లిష్ నటుడు లారెన్స్ ఒలీవియే చెప్పిన చిట్కా, సూషే ప్వారోకి వాడుకున్నాడు. తలుపేసుకుని ప్రయత్నించండి.

ఇదంతా టీవీతో వచ్చిన తెలివి కాదు. 1973లోనే సూషే రాయల్ షేక్స్‌పియర్ కంపెనీ అనే ఇంగ్లండ్ నాటక సంస్థలో చేరాడు, అక్కడ 'ఒథెల్లో'లో విలన్ ఇయాగో వేశాడు. 1985లో పీటర్ ఉస్తినోవ్ ప్వారోగా చేసిన టీవీ సినిమాలో ఈయన పోలీసు ఇన్‌స్పెక్టర్ జాప్ వేషం వేశాడు. తన నటనల్లో బహుశా అదే అధ్వానమని తర్వాత తనే అన్నాడు. 1989 నుంచి 2013 దాకా టీవీ సీరియల్ 70 ఎపిసోడ్లలో ప్వారో చేస్తూనే మధ్యలో రంగస్థలం మీద 'అమేడియస్' నాటకంలో మోజార్ట్‌ని చూసి అసూయపడే సంగీతకారుడు సాలియేరీ అయ్యాడు. 2015లో, ఆడవేషం కట్టే మన మగనటుల్లాగే, ఆస్కార్ వైల్డ్ నాటకంలో లేడీ బ్రాక్‌నెల్ అనే పెద్దావిడగా స్టేజీ ఎక్కాడు; చీర బదులు గౌను, అంతే తేడా.

చివరి కథలో ప్వారో చక్రాల కుర్చీకి పరిమితమైపోతాడు. నడక పోయింది, అయినా మనిషి ప్వారోయే. అభ్యాసం అదే: మీ పాత్రను కుర్చీలో కూర్చోబెట్టండి. 10 నిమిషాలు. డైలాగు లేదు, లేవకూడదు. నాటకం తెలియని ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టి, ఈ మనిషి ఎలాంటివాడో రాయించండి. ఆ కాగితం, 30 అంశాల కొత్త చిట్టా, రెండూ కలిపి పంపండి.