గేమ్‌లో ఊరికో వింత చట్టం కావాలంటే

టేబుల్‌టాప్ గేమ్ (బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర వేసుకుని కథలా ఆడే ఆట) నడిపేవాళ్లకు ఇదో తలనొప్పి. కొత్త రాజ్యానికి చట్టాలు రాద్దామని కూర్చుంటే "దొంగతనం చేస్తే చెయ్యి నరుకుతారు" దగ్గరే ఆగిపోతాం.

సున్నా నుంచి కల్పించే బదులు, చరిత్రలో నిజంగా ఉన్న చట్టం ఒకటి తీసుకుని అందులో ఒక్క ముక్క మార్చండి. ఇంగ్లండ్‌లో 1846 దాకా డియోడాండ్ అని ఒకటుండేది. బండి కింద పడి మనిషి పోతే ఆ బండినో, దాని వెలనో సర్కారు జప్తు చేసుకునేది. జ్యూరీలు జాలిపడి వెల తక్కువ కట్టడమూ ఉండేది. ఇందులో ప్రమాదం తీసేసి పోరాటం పెట్టండి. ఇప్పుడు మనిషిని చంపిన కత్తి రాజుగారిది! ఆటగాళ్లు మంత్రపు కత్తిని ఒరలోనే ఉంచి, సంతలో కొన్న చవక కత్తితో కొట్లాటకు దిగుతారు.

తర్వాత ఒక కార్డు మీద నాలుగే లైన్లు: చట్టం ఏమిటి, అమలు చేసేదెవరు, లాభం ఎవరికి, తప్పించుకునే సందు ఏది. ఆఖరి లైను మాత్రం ఖాళీగా వదలకండి, సగం కథ అక్కడే పుడుతుంది (వెల కట్టే అధికారికి లంచం ఎంత?). అమలు దగ్గర ఇరుక్కుంటే పాత ఐస్‌లాండ్ చూడండి. కోర్టు తీర్పు చెప్పేది, అమలుకు పోలీసులంటూ లేరు, గెలిచినవాడే చూసుకోవాలి. ఊరికి రెండు చట్టాలు చాలు.

ఒక్క జాగ్రత్త. చట్టం సంగతి కత్తి పోయాక చెబితే, మీరు తమ మీద కక్షగట్టారని ఆటగాళ్లు అనుకుంటారు. ఊళ్లో అడుగుపెట్టగానే ఇంకెవడి కత్తో జప్తు అవుతున్నట్టు చూపించండి. ఒక్క పూటలో ముగిసే ఆటకైతే ఇదంతా దండగ.