లెక్చరర్లలో బర్నౌట్: గుర్తించడం ఎలా, థెరపీకి వెళ్లాల్సింది ఎప్పుడు

కార్పొరేట్ జూనియర్ కళాశాలలో లెక్చరర్ రోజు ఉదయపు స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగుస్తుంది. మధ్యలో తరగతులు, డౌట్లు, వారాంతపు పరీక్షలు, ర్యాంకుల సమీక్షలు. జనవరిలో జేఈఈ మెయిన్ తొలి విడత, తర్వాత ఇంటర్ పబ్లిక్ పరీక్షలు, ఏప్రిల్‌లో మెయిన్ మలి విడత, మే నెలలో నీట్, ఎప్‌సెట్ వరుసగా వస్తాయి. అవి ముగియకముందే అడ్మిషన్ల టార్గెట్ చేతిలో పెట్టి ఊళ్ల మీదికి పంపే యాజమాన్యాలూ ఉన్నాయి. ఇంత పనిలో అలసిపోవడం సహజమే కాబట్టి, అంతకు మించినది ఏదైనా మొదలైనా దానిని కూడా అలసట ఖాతాలోనే వేసి నెట్టుకురావడం ఈ వృత్తిలో అలవాటైపోయింది. ఆ రెంటినీ వేరుచేసి చూసుకోవడం ఎలాగో, ఏ దశలో థెరపిస్టును కలవాలో, అందుకు ఏం చేయాలో ఇక్కడ వివరిస్తాను.

అలసట ఒక్కటే గుర్తు కాదు

బర్నౌట్‌ను న్యూయార్క్ మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ 1974లో, తాను పనిచేసిన ఉచిత వైద్యశాల సిబ్బందిని చూసి వర్ణించారు. మనస్తత్వ పరిశోధకులు క్రిస్టీనా మాస్లాక్, సూసన్ జాక్సన్ దానిని కొలిచే ప్రశ్నావళిని 1981లో ప్రచురించారు. ఉపాధ్యాయుల కోసం దానికి ప్రత్యేక రూపం కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణ, బర్నౌట్‌ను వ్యాధిగా కాక, చాలాకాలం చక్కదిద్దకుండా వదిలేసిన పని ఒత్తిడి వల్ల ఏర్పడే వృత్తిపరమైన స్థితిగా పేర్కొంది. దాని ప్రకారం గుర్తులు మూడు: శక్తి హరించుకుపోవడం, పని నుంచి మనసు దూరమై విముఖత పెరగడం, పని చేయగలనన్న నమ్మకం సడలిపోవడం.

మొదటి గుర్తు అందరికీ తెలిసినదే. ఉదయం లేవగానే ఒళ్లు బరువుగా ఉండడం, ఆదివారం సాయంత్రం నుంచే సోమవారం తలచుకుని గుండె దడదడలాడడం, నడిరాత్రి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం, తలనొప్పి, కడుపులో మంట వంటివి ఇందులోకి వస్తాయి. మూడోది కూడా చాలామంది గుర్తుపడతారు: ఏళ్ల తరబడి చెప్పిన పాఠమే తడబడుతుంది, సెక్షన్ ఫలితం బాగున్నా అందులో తమ వంతు ఏమీ లేదనిపిస్తుంది.

ఎక్కువమంది పట్టించుకోనిది రెండో గుర్తు, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ అదే. భ్రమణ చలనంలో లెక్క తేలక ఒక విద్యార్థి నోట్‌బుక్ పట్టుకుని స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర నిలబడ్డాడని అనుకోండి. ఒకప్పుడు అదే లెక్చరర్ కుర్చీ జరిపి, తెల్ల కాగితం తీసి, బలాల బొమ్మ గీసి, వాడు ఎక్కడ పొరబడ్డాడో వాడి చేతనే చెప్పించేవారు. ఇప్పుడు తల ఎత్తకుండానే ‘కీ చూసుకో’ అంటున్నారు. ఆ కుర్రవాడి పేరు గుర్తుకు రాదు. వాడి సెక్షన్, పోయిన వారం మార్కులు మాత్రం గుర్తుంటాయి. పరీక్షలో తప్పిన పిల్ల ఏడుస్తున్నా మనసులో ఏ కదలికా ఉండదు, లేదా చిరాకు మాత్రమే వస్తుంది. బాగా అలసిన మనిషి పిల్లలను విసుక్కున్నా తర్వాత బాధపడతాడు. బర్నౌట్‌లో ఆ బాధ కూడా తగ్గిపోతూ వస్తుంది. తనలో ఈ మార్పు చూసుకున్నవారు తాము చెడ్డవారమైపోయామని అనుకుంటారు. అది నిజం కాదు. ఇక ఇవ్వడానికి ఏమీ మిగలని మనసు తనను తాను కాపాడుకునే పద్ధతి అది. స్వభావ దోషమని సిగ్గుపడి దాచుకునేవారు సాయం అడగరు కాబట్టి ఈ సంగతి ఇంత నొక్కి చెబుతున్నాను.

మీకు మీరు వేసుకోవాల్సిన ప్రశ్నలు

విశ్రాంతి తర్వాత తేరుకుంటున్నారా అన్నది మొదటి ప్రశ్న. దసరాకో సంక్రాంతికో నాలుగు రోజులు సెలవు దొరికి, ఫోన్ పక్కన పెట్టి, కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయిన తర్వాత తరగతికి వెళ్లాలన్న ఉత్సాహం కొంతైనా తిరిగి వస్తే, మీది అలసట అనుకోవచ్చు. సెలవులు ముగిసి మొదటి పీరియడ్ గంట కొట్టగానే మళ్లీ అదే శూన్యం ఆవరిస్తే, విశ్రాంతి సరిపోయే దశ దాటిపోయిందని అర్థం చేసుకోవాలి.

ఈ నిస్పృహ కళాశాల గేటు దగ్గర ఆగుతోందా, ఇంట్లోకి కూడా వస్తోందా అన్నది రెండో ప్రశ్న. కళాశాలలో విసిగిపోయినా ఇంట్లో పిల్లలతో ఆడుకోగలుగుతూ, స్నేహితులు వస్తే మనస్ఫూర్తిగా నవ్వగలుగుతూ ఉంటే సమస్య ఇంకా పనికే పరిమితమై ఉందనుకోవచ్చు. ఇష్టమైన పాట, క్రికెట్ మ్యాచ్, అమ్మతో ఫోన్ మాట్లాడడం కూడా రుచించకుండా పోయి, అది రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ కొనసాగితే డిప్రెషన్ గురించి ఆలోచించాలి. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక తెలుగులోనూ దొరుకుతుంది. గడిచిన రెండు వారాల గురించి అడిగే ఆ ప్రశ్నలకు మొత్తం 27లో 10 లేదా అంతకు మించి వస్తే నిపుణులను కలవడం మంచిది. ఆ పట్టిక రోగనిర్ధారణ చేయదు, డాక్టర్ దగ్గరికి వెళ్లాలా అన్న సందిగ్ధాన్ని మాత్రం తీరుస్తుంది.

ఇంతలో ఒక రక్తపరీక్ష చేయించుకోండి. థైరాయిడ్ మందగించినా, హిమోగ్లోబిన్ లేదా విటమిన్ బి12 తగ్గినా, షుగర్ అదుపు తప్పినా ఇలాంటి నీరసమే వస్తుంది. టీ తాగి పూట గడిపేవారిలో, మధ్యాహ్న భోజనం మూడు గంటలకు చేసేవారిలో ఇవి బయటపడడం వింతేమీ కాదు.

థెరపీ చేయగలది, చేయలేనిది

మాస్లాక్, మైఖేల్ లీటర్ బర్నౌట్‌కు దారితీసే పరిస్థితులను ఆరుగా చెప్పారు: మోయలేని పని, తన పని మీద తనకు అధికారం లేకపోవడం, తగిన ప్రతిఫలమో గుర్తింపో దక్కకపోవడం, తోటివారితో సామరస్యం లేకపోవడం, పక్షపాతం, మనసు ఒప్పని పనులు చేయాల్సి రావడం. ఇందులో మిమ్మల్ని ఏది ఎక్కువగా తొలుస్తోందో కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే అడగాల్సినది దానిని బట్టే మారుతుంది. పీరియడ్లు ఎక్కువైనవారు రాత్రి స్టడీ అవర్లలో వంతులు అడగాలి. ఏ పీరియడ్‌లో ఏం చెప్పాలో పై నుంచి నిర్దేశించి పంపే మైక్రో షెడ్యూలు ప్రకారమే పాఠం నడపాల్సి వచ్చి ఊపిరాడనివారికి ఆ వంతులు దొరికినా ఒరిగేది తక్కువ.

రోజుకు ఏడు పీరియడ్లను ఏ థెరపిస్టూ ఐదు చేయలేరు. ఉద్యోగం మారాలా, ఉండాలా, ఉంటే దేనికి ‘కాదు’ అనాలి అన్నవి నిద్రలేక కుంగిన మనసుతో తేల్చుకునే విషయాలు కావు. ఆ నిర్ణయాలు తీసుకోగలిగే స్థితికి మనిషిని తీసుకురావడం థెరపీ పని. అడ్మిషన్ల టార్గెట్ తప్పినందుకు అందరిముందూ నిలబెట్టిన అవమానం నెలల తరబడి తలలో తిరుగుతుంటే, దాన్నుంచి బయటపడే దారి కూడా అక్కడ దొరుకుతుంది.

ఎప్పుడు వెళ్లాలి

సెలవు తర్వాత కూడా తేరుకోలేకపోవడం, నిస్పృహ ఇంటిదాకా రావడం, నిద్రకో ధైర్యానికో మద్యం లేదా నిద్రమాత్రల మీద ఆధారపడడం మొదలవడం, తరగతికి వెళ్లే ముందు చేతులు వణకడం లేదా ఊపిరి ఆడనట్టు అనిపించడం, ఎన్నడూ లేనిది విద్యార్థి మీద చేయి లేవడం, ‘మీరు మునుపటిలా లేరు’ అని ఇంట్లోవాళ్లు మళ్లీ మళ్లీ అనడం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెళ్లడానికి అది చాలు. పబ్లిక్ పరీక్షలు అయ్యాక చూద్దామని వాయిదా వేయకండి. పరీక్షల తర్వాత ఎంట్రన్సులు, వాటి తర్వాత అడ్మిషన్లు ఉంటాయని మీకే తెలుసు.

చనిపోతే బాగుండునన్న ఆలోచన వచ్చిన రోజున అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకూడదు. వెంటనే ఇంట్లో ఒకరికి చెప్పండి, ఒంటరిగా ఉండకండి, 14416 నంబరుకు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ అది. రోజంతా ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే 112కు ఫోన్ చేయాలి, లేదా దగ్గరి ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి. అంత తీవ్రత లేకపోయినా, ఎవరిని కలవాలో తోచనివారు కూడా 14416తోనే మొదలుపెట్టవచ్చు.

ఎవరిని కలవాలి

సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మాటల ద్వారా చికిత్స (థెరపీ) చేస్తారు, మందులు రాయరు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉందో లేదో అడగడం మీ హక్కు, అందులో మొహమాటం అక్కర్లేదు. కొద్దివారాల కోర్సు చేసి కౌన్సెలర్ బోర్డు పెట్టినవారు కూడా ఉన్నారు కనుక ఈ ప్రశ్న తప్పనిసరి. నిద్ర, ఆకలి బాగా దెబ్బతిన్నవారు ముందు సైకియాట్రిస్టును కలవడం మేలు. డిప్రెషన్ మందులు పనిచేయడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. గుణం కనిపించగానే సొంతంగా ఆపేయకూడదు.

డబ్బు ఇబ్బంది ఉంటే ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రుల్లోని సైకియాట్రీ ఓపీకి, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి, విశాఖలో చినవాల్తేరు ఆసుపత్రికి వెళ్లవచ్చు. ఎర్రగడ్డ పేరును తిట్టుగా వాడే అలవాటు మన ఊళ్లలో ఎంతమందిని డాక్టర్ దగ్గరికి పోకుండా ఆపిందో తలచుకుంటే బాధ కలుగుతుంది. నిద్రపట్టని మనిషి, దిగులుతో ఉన్న మనిషి వెళ్లదగిన ఆసుపత్రే అది.

మొదటిసారి వెళ్లేముందు ఒక వారం పాటు నిద్రపోయిన వేళ, లేచిన వేళ, రోజులో మరీ కష్టంగా గడిచిన గంట రాసి పెట్టుకోండి. అక్కడ అందంగా వివరించాల్సిన పని లేదు. ‘పిల్లలను చూస్తే ఏమీ అనిపించడం లేదు, భయంగా ఉంది’ అన్నా సరిపోతుంది. ఒక్కో సెషన్ ముప్పావు గంట నుంచి గంట వరకు ఉంటుంది. మూడు నాలుగు సెషన్లయినా మాట కలవకపోతే థెరపిస్టును మార్చుకోవడంలో తప్పు లేదు.

విషయం కళాశాలకు తెలిసిపోతుందన్న భయం చాలామందిని ఆపుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాలను గోప్యంగా ఉంచే హక్కు ఇచ్చింది; ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు. బీమా సంస్థలు మానసిక అనారోగ్యానికి కూడా శారీరక అనారోగ్యంతో సమానంగా బీమా కల్పించాలని అదే చట్టం చెబుతోంది. అయితే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తాయి కనుక, ఓపీ ఖర్చు వస్తుందో రాదో ముందే చూసుకోండి. కళాశాల జీతమిచ్చి పెట్టుకున్న కౌన్సెలర్ దగ్గరికి వెళ్లేటట్లయితే, మాట్లాడడం మొదలుపెట్టేముందే యాజమాన్యానికి ఏయే వివరాలు చేరతాయో నేరుగా అడగండి. సూటిగా జవాబు రాకపోతే బయటివారినే ఎంచుకోండి.