గ్యోంగ్జు ఎలా చూడాలి? కొరియాలో పాఠాలు చెప్పడానికి వెళ్లినవారికి

కొరియా విశ్వవిద్యాలయాల్లో ఏడాదికో రెండేళ్లకో పాఠాలు చెప్పడానికి వెళ్లే మనవాళ్లు గ్యోంగ్జును చూసే తీరు తలచుకుంటే విసుగొస్తుంది. పొద్దున్నే రైలెక్కుతారు, ఒక గుడి, నాలుగు సమాధుల ముందు ఫొటోలు దిగుతారు, రాత్రికి గదికి చేరుకుంటారు. సుమారు వెయ్యేళ్లు సిల్లా రాజ్యానికి రాజధానిగా ఉన్న ఊరది. రెండు రోజులు కావాలి. ఒంటరిగా అసలే వెళ్లకూడదు. మీ విభాగంలో వయసులో మీకంటే పెద్దవారైన కొరియన్ అధ్యాపకులు ఎవరినైనా తోడు తీసుకెళ్లండి. ఈ వారం వారికి కుదరకపోతే వచ్చే వారం దాకా ఆగండి. చెవిలో పెట్టుకునే ఆడియో గైడు ఆ లోటు తీర్చదు, దానికి తాతముత్తాతలు లేరు.

ప్రయాణం

ఇందులో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సియోల్ నుంచి కేటీఎక్స్ రైలులో రెండు గంటలు, బుసాన్ నుంచి బస్సులో గంట. సులువుగా విప్పగలిగే బూట్లు, చిరుగులు లేని సాక్సులు వేసుకోండి. చాలాచోట్ల నేలమీద కూర్చోవాలి. చూసక్ (పంటల పండుగ), సొల్లాల్ (కొత్త సంవత్సరం) పండుగలప్పుడు వద్దు. టికెట్లు దొరకవు, పైగా మీతో రావలసిన పెద్దాయన సొంత ఊళ్లో పితృదేవతల పూజలో ఉంటారు. ఏప్రిల్‌లో చెర్రీలు పూసే రోజుల్లోనూ వద్దు. నవంబరే సరైన నెల.

మొదటి పగలు

తెరుంగ్వొన్‌లో పచ్చగడ్డి కప్పుకున్న రాజసమాధుల మధ్య నడవండి. 1973లో తవ్విన చొన్మాచోంగ్‌ సమాధిలోకి వెళ్లి చూడవచ్చు. భోజపత్రం బెరడు మీద గీసిన ఎగిరే గుర్రం దొరికింది అక్కడే. చొమ్‌సోంగ్‌దే ఏడో శతాబ్దంలో నక్షత్రాలను గమనించడానికి కట్టిన రాతి కట్టడం, పది నిమిషాలు చాలు. మ్యూజియంలో మాత్రం 771లో పోతపోసిన సోంగ్‌దొక్ రాజు గంట దగ్గర కూర్చోండి. దాని బరువు దాదాపు 19 టన్నులు. మామూలు రోజుల్లో దాన్ని మోగించరు, రికార్డు చేసిన నాదం వినిపిస్తారు. పసిబిడ్డను కరిగిన లోహంలో వేస్తేగాని గంట పలకలేదనీ, అందుకే ఆ మోతలో తల్లిని పిలిచే బిడ్డ గొంతు వినిపిస్తుందనీ ఒక కథ ఉంది. దాన్ని బోర్డు మీద చదవకండి, వెంట వచ్చినవారిని చెప్పమనండి.

రాత్రి భోజనం

అందరూ చెడగొట్టేది ఇక్కడే. ఇది తప్పితే రెండో రోజు మీ వెంట ఒక మర్యాదస్తుడైన గైడు మాత్రమే ఉంటాడు, మనిషి ఉండడు.

మొదట పిలుపు. కొరియన్ నేర్పే చిన్న పుస్తకాలు ‘షీ’ అంటే మన ‘గారు’ అని చెబుతాయి. నమ్మకండి. మన ‘గారు’కి దగ్గరగా వచ్చేది ‘నిమ్’. పెద్దవారిని హోదాతో కలిపి ‘క్యోసునిమ్’ (ప్రొఫెసరు గారు) అనాలి, లేదా గురువు గారు అనే అర్థంలో ‘సొన్సెంగ్‌నిమ్’ అనాలి. ఇంటిపేరుకు ‘షీ’ తగిలిస్తే మేస్త్రీ కూలివాడిని కేకేసినట్టు ఉంటుంది. నా మొదటి సెమిస్టరులో ఒక పెద్దాయనను ‘కిమ్ షీ’ అన్నాను. బల్ల చుట్టూ ఉన్న ఆరుగురూ ఒకేసారి ముల్లంగి ముక్కల వైపు చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. అనరు కూడా, అదే కష్టం.

తలుపుకు దూరంగా ఉన్న చోటు పెద్దలది, అక్కడ కూర్చోకండి. పెద్దాయన చెంచా ఎత్తేదాకా మీరు ఎత్తకండి. అన్నం గిన్నెను చేత్తో పట్టుకుని తినడం జపాన్‌లో చెల్లుతుంది, ఇక్కడ గిన్నె బల్ల మీదే ఉండాలి. అన్నంలో చాప్‌స్టిక్‌లు నిలువుగా గుచ్చకండి, అది చనిపోయినవారికి పెట్టే తీరు.

తర్వాత గ్లాసు. ఎవరి గ్లాసు వారు నింపుకోరు. పోసేటప్పుడూ అందుకునేటప్పుడూ రెండు చేతులు వాడాలి, లేదా కుడిచేతికి ఎడమచేతిని ఆసరాగా పెట్టాలి. ఎడమచేతిని ఒళ్లో దాచుకునే మన అలవాటు అక్కడ బిగదీసుకున్నట్టు కనబడుతుంది. తాగేటప్పుడు పెద్దవారి నుంచి మొహం కాస్త పక్కకు తిప్పుకోవాలి. మద్యం ముట్టనివారు గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టి ఉపన్యాసం మొదలుపెడతారు. అక్కర్లేదు. ఒక్కసారి పోయించుకుని, పెదవికి తాకించి, అలాగే ఉంచండి. ఖాళీ కాని గ్లాసులో మళ్లీ పోయకూడదన్నది వాళ్ల నియమం, కాబట్టి నిండు గ్లాసే మీకు కాపలా.

శాకాహారులు ఆ సంగతి బల్ల దగ్గర చెప్పకూడదు, మూడు రోజుల ముందు చెప్పాలి. ‘గోగి తినను’ అంటే చాలదు. గోగి అంటే మాంసం, చేపలను చాలామంది ఆ లెక్కలో వేయరు. చారు ఎండు నెత్తళ్లతో కాస్తారు, కిమ్చీలో రొయ్యల ఊరుగు కలుస్తుంది. చేప, నెత్తళ్ల చారు, ఊరుగు అని విడివిడిగా రాసి పంపండి. లేదా గుళ్ల వంట వడ్డించే హోటల్ అడగండి. బౌద్ధ సన్యాసులు ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు, మన మడివంట మనిషికి కూడా అభ్యంతరం ఉండదు.

బిల్లు పెద్దాయన కడతారు. పర్సు తీసి పోట్లాడకండి. ‘జల్ మొగొస్సుమ్నిదా’, అంటే బాగా తిన్నాను, అని తల వంచండి. ఆ తర్వాతి కాఫీ మీది.

ఆ కాఫీ దగ్గరే అసలు చరిత్ర బయటికొస్తుంది. 1940లో జపాన్ పాలకుల ఒత్తిడికి ఇంటిపేరు మార్చుకోవలసి వచ్చిన తాత, కొరియా యుద్ధంలో ఉత్తరాన ఉండిపోయిన మేనత్త. అప్పుడు ‘మాకూ బ్రిటిష్‌వాళ్లు...’ అంటూ అందుకోకండి, నోరు మూసుకుని వినండి. 1950లో ఆ యుద్ధానికి వచ్చిన భారత సైనిక వైద్య దళం, 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్, ప్రస్తావన వాళ్లు తెస్తే, దాని గురించి రెండు ముక్కలు తెలిసి ఉండండి. వాళ్లకు గుర్తుండి మనకు తెలియకపోవడం బాగుండదు. సిల్లా రాజు మున్ము జపాన్ దండయాత్రల నుంచి దేశాన్ని కాచే డ్రాగన్‌నవుతానని సముద్రంలో సమాధి కోరుకున్న తీరానికి తీసుకెళ్తే, ఎదురుగా ఉన్నది తూర్పు సముద్రం. పొరపాటున కూడా ‘జపాన్ సముద్రం’ అనకండి.

రెండో రోజు

ముందు సొక్కురమ్ గుహాలయం, తర్వాత గుడి, బుల్గుక్‌సా. తిరగేసి చూసేవాళ్లతో నాకు పేచీ. తొహమ్ కొండ మీది ఆ గ్రానైట్ బుద్ధుణ్ణి అద్దం వెనక నుంచే చూడాలి, ఫొటోలు తీయనివ్వరు. జపాన్ పాలనలో మరమ్మతు పేరుతో గుహకు కాంక్రీటు తొడిగారు, తేమ బాధ అక్కడ మొదలైంది. కిందికి దిగితే బుల్గుక్‌సా. 1593లో కాలిపోయాక చెక్క కట్టడాలన్నీ మళ్లీ కట్టినవే, రాళ్లు మాత్రం సిల్లా నాటివి. సొక్కగతప్ గోపురం దగ్గర ఆగండి, 1966లో దాని లోపల చెక్క అచ్చుతో ముద్రించిన ధారణి (బౌద్ధ మంత్రాల) కాగితపు చుట్ట దొరికింది. ఆ సిల్లా కాలంలోనే హ్యేచో అనే భిక్షువు భారతదేశమంతా తిరిగి, దక్షిణాదిలో నాగార్జునుడు కట్టించాడని చెప్పుకునే కొండ విహారం గురించి రాసుకున్నాడు. ఈ మాట మీరు ఎత్తండి. అప్పటిదాకా అతిథిగా ఉన్న మీరు కాస్త చుట్టం అవుతారు.

తిరుగు ప్రయాణంలో హ్వంగ్‌నమ్ రొట్టెలు రెండు పెట్టెలు కొనండి, లోపల ఎర్ర చిక్కుళ్ల పూర్ణం ఉంటుంది. ఒకటి విభాగం ఆఫీసుకు, సోమవారం పొద్దున్నే. రెండోది పెద్దాయన ఇంటికి, రెండు చేతులతో.